తెగిన నరానికి గొట్టం: మూడు సెంటీమీటర్ల దగ్గర ఆగిన కథ

అద్దం పగిలి మణికట్టు దగ్గర నరం తెగితే వేళ్లలో పట్టు పోతుంది. అంతకంటే కష్టం ఇంకోటి: వేడి టీ గ్లాసు పట్టుకున్నా వేళ్లు కాలుతున్న సంగతి తెలియదు. తెగిన కొసలు రెండూ దగ్గరగా ఉంటే సర్జన్ మైక్రోస్కోప్ కింద కుట్టేస్తారు. మధ్యలో ముక్కే పోతే వస్తుంది అసలు చిక్కు.

లాగి కుట్టొచ్చు కదా అనిపిస్తుంది. చాలాకాలం అలాగే చేశారు కూడా. కానీ నరానికి టెన్షన్ అస్సలు పడదు. బిగుతుగా లాగితే రక్తం సరిగా అందదు, కుట్టు దగ్గర మచ్చ కట్టి దారి మూసుకుపోతుంది. 1970ల్లో వియన్నా సర్జన్ హన్నో మిల్లెసి ఈ మాట గట్టిగా చెప్పి, వేరే చోటి నరం ముక్కతో ఖాళీ పూరించే పద్ధతిని నిలబెట్టారు. ఎక్కువగా తీసేది పిక్క వెనక ఉండే సూరల్ నరాన్ని. చేతి కోసం కాలి దగ్గర అప్పు చేయడమన్నమాట. దానికి వడ్డీగా పాదం బయటి అంచు మొద్దుబారుతుంది.

ఈ అప్పు తప్పించాలనే, తెగిన రెండు కొసల మధ్య దారిగా పెట్టే గొట్టం. నిజానికి గొట్టం ఆలోచన మిల్లెసి కంటే చాలా పాతది. తెగిన చోటికి అవతలి నరపు పోగులు నశిస్తాయని 1850లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాల మీద చూపించాడు. అంటే కొత్త పోగులు ఇవతలి కొస (వెన్నుపాము వైపుది) నుంచే పెరగాలి, అదీ రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలి కొసకు చేరాలంటే ఆరు నెలలు. దారి తప్పితే అంతే సంగతులు. అందుకే 1882లో బెల్జియం పరిశోధకుడు వాన్‌లైర్ సున్నం తీసేసిన ఎముక గొట్టంతో కుక్క నరంలో 3 సెంటీమీటర్ల ఖాళీకి దారి కట్టి చూశాడు.

ఆ గొట్టం లోపల ఏం జరుగుతుందో బాగా తెలిసింది మాత్రం 1980ల్లో, స్వీడన్‌లో గోరాన్ లుండ్‌బోర్గ్ ఎలుకల్లో సిలికాన్ ట్యూబులు పెట్టాక. ముందు కొసల నుంచి ద్రవం ఊరుతుంది. అందులోంచి ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రోటీన్) తీగ ఒకటి కడుతుంది. దాని మీదుగా ష్వాన్ కణాలు (నరపు పోగుల్ని చుట్టి కాపాడేవి) పాకుతాయి, వాటి వెంట నరపు పోగులు. ఎలుకలో 10 మిల్లీమీటర్ల ఖాళీకి ఇది చక్కగా పనిచేసింది. దూరం పెరిగితే ఆ తీగే సరిగా కట్టదు.

సిలికాన్ కరగదు. లోపలే ఉండిపోయి నరాన్ని ఒరుసుకుంటే మళ్లీ కోసి తీయాలి. అందుకే కరిగే కుట్టుదారం పదార్థంతో చేసిన ట్యూబులు, ఆ తర్వాత కొలాజెన్ (చర్మంలో, ఎముకల్లో ఉండే ప్రోటీన్) ట్యూబులు వచ్చాయి. అయినా ఖాళీ గొట్టం ఏదైనా 3 సెంటీమీటర్లు దాటితే నమ్మకం లేదు. నా దృష్టిలో గొట్టం ఎప్పుడూ సులువైన భాగమే, అందులో ఏం నింపాలన్నదే ప్రశ్న.

2020లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు నరాన్ని పెంచే ప్రోటీన్‌ను మెల్లగా వదిలే గొట్టంతో కోతుల చేతి నరంలో 5 సెంటీమీటర్ల ఖాళీని పూరించారు. ఆ కోతులు వేళ్లతో చిన్న చక్కెర బిళ్లల్ని మళ్లీ పట్టుకోగలిగాయి. మనుషుల్లో ఖాళీ పెద్దదైతే మాత్రం సర్జన్లు ఇప్పటికీ ఎక్కువగా పిక్క వైపే చూస్తున్నారు.