ఎస్‌టీపీ నీళ్లు: బెంగళూరు అపార్ట్‌మెంట్లలో అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో అపార్ట్‌మెంట్ల మురుగునీటి శుద్ధి ప్లాంట్లు (ఎస్‌టీపీలు) చూసుకోవడం నా పని. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు మనవాళ్లు ఎక్కువ కాబట్టి అసోసియేషన్ వాళ్లతో మాటలు చాలావరకు తెలుగులోనే నడుస్తాయి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం పడిగాపులు కాశాక అందరికీ ఎస్‌టీపీ గుర్తొచ్చింది. ఈ ఊరు నీటి విషయంలో మారడం ఆ ప్లాంటు ఉండే బేస్‌మెంట్ గదిలోనే మొదలవ్వాలని నా నమ్మకం. అక్కడ నాకు తరచూ ఎదురయ్యే మాటలు ఇవి.

అపోహ: మంచి మిషను పెట్టించాం, ఇక దానంతటదే నడుస్తుంది.

నీళ్లను శుభ్రం చేసేది బ్యాక్టీరియా. గాలి ఊదే బ్లోయర్లు, పంపులు, కరెంటు ప్యానెల్ అన్నీ వాటికి చాకిరీ చేయడానికే. కొత్త ప్లాంటు మొదలుపెట్టేటప్పుడు బాగా నడుస్తున్న ఇంకో ప్లాంటు నుంచి ట్యాంకర్‌తో స్లడ్జ్, అంటే బ్యాక్టీరియా నిండిన బురద, తెచ్చి పోస్తాం, పాలకు తోడు వేసినట్టు. ఆ తర్వాత రోజూ దాన్ని బతికించుకోవాలి.

మీ ప్లాంటు ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇంజినీరు అక్కర్లేదు. బ్లోయర్ గాలి పట్టించే ఏరేషన్ ట్యాంకులోంచి ఒక లీటరు నీళ్లు తీసి, గీతలున్న గాజు సిలిండర్‌లో పోసి, 30 నిమిషాలు కదపకుండా ఉంచమనండి. ప్లాంటు బాగుంటే గోధుమరంగు స్లడ్జ్ గుంపుగా అడుగుకు దిగి, పైన నీళ్లు తేటపడతాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిమట్టి వాసన వస్తుంది. స్లడ్జ్ నల్లగా ఉండి కుళ్లిన కోడిగుడ్ల కంపు కొడితే లోపల గాలి అందడం లేదన్నమాట. స్లడ్జ్ అసలు దిగకుండా సిలిండర్ నిండా తేలుతుంటే అది వేరే జబ్బు, నిపుణుడిని పిలవాల్సిందే. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు ఒక సిలిండర్. అయినా చాలా ప్లాంట్లలో అది అల్మారాలో దుమ్ము పట్టి కనిపిస్తుంది.

అపోహ: రాత్రిళ్లు బ్లోయర్ ఆపేస్తే కరెంటు బిల్లు మిగులుతుంది.

ఒక ప్లాంటులో వాసన ఎందుకొస్తోందని ఆపరేటర్‌ని అడిగితే, “రాత్రి పదకొండింటికి ఆపేయమన్నారు సార్, సౌండ్ వస్తోందంట, బిల్లు కూడా ఎక్కువంట” అన్నాడు. అనంతపురం కుర్రాడు, పని తెలిసినవాడు. కానీ చెప్పేవాళ్లు ఎక్కువ, వినేవాళ్లు లేరు.

ఎస్‌టీపీలో ఎక్కువ కరెంటు తాగేది బ్లోయరే, నిజం. కానీ ప్లాంటు డిజైనే అలా ఉంటే తప్ప, రాత్రంతా ఆపేస్తే గాలి అందక బ్యాక్టీరియా నీరసిస్తుంది, ట్యాంకు కుళ్లుతుంది. ఆ వాసనే తెల్లారేసరికి పార్కింగ్‌లోకి వస్తుంది. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే చాలు. దాన్ని కొలిచే మీటరు పెట్టి, బ్లోయర్‌కు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) తగిలించి వేగం తగ్గించుకుంటే బిల్లూ తగ్గుతుంది, ప్లాంటూ బతుకుతుంది. సౌండ్ సంగతంటారా, గదికి సరైన అకౌస్టిక్ ప్యానెళ్లు వేయించండి.

అపోహ: వాసన రావట్లేదు కదా, ట్యాంకులోకి దిగితే ఏమీ కాదు.

దయచేసి దీన్ని రెండుసార్లు చదవండి. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముందు ముక్కే మొద్దుబారిపోతుంది. వాసన ఆగిందంటే గ్యాస్ పోయిందని కాదు, ఇంకా పెరిగి ఉండొచ్చు. ఒకరు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు దిగి ఇద్దరూ పోయిన ఘటనలు మన దేశంలో ఎన్నో. రక్షణ లేకుండా మనుషులతో మురుగుకాల్వలు, సెప్టిక్ ట్యాంకులు కడిగించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మీ ప్లాంటు శుభ్రం చేయించేది సెక్రటరీ అయినా, కాంట్రాక్టర్ అయినా, మనిషిని దింపకుండా యంత్రంతో చేయించండి. ఈ విషయంలో బేరాలాడేవాళ్లతో నేను పనిచేయను.

అపోహ: మా వంటింట్లో ఏం పోస్తే ప్లాంటుకేంటి?

యాసిడ్, బ్లీచింగ్ ఎక్కువైతే బ్యాక్టీరియా చస్తుంది. గారెలు వేయించిన నూనె గిన్నెలకొద్దీ సింకులో పోస్తే పైన జిడ్డు పేరుకుంటుంది. వెట్ వైప్స్ పంపుల్లో చుట్టుకుంటాయి. అంతే సంగతి.

అపోహ: శుద్ధి చేసిన నీళ్లన్నీ మనమే వాడేసుకుంటాం.

లెక్క వేద్దాం. మనిషికి రోజుకు 135 లీటర్లని ప్రమాణం, అందులో ఫ్లష్‌కు 45. నలుగురున్న ఇంట్లో వాడకం 540 లీటర్లు. అందులో 80 శాతం, అంటే 430 లీటర్ల దాకా మురుగుగా వస్తుంది. దాన్ని శుద్ధి చేశాక ఫ్లష్‌కు పోయేది 180. ఇంకా 250 లీటర్లు మిగులు. 200 ఫ్లాట్లకైతే రోజుకు 50,000 లీటర్లు. తోటకు కొంత పోగా మిగిలినదంతా డ్రెయిన్‌లోకే. అదే గేటు ముందు నుంచి పక్క సైటుకు బోరునీళ్ల ట్యాంకర్లు పోతుంటాయి.

ఆ సైటు మేస్త్రిని అడిగితే “ఈ నీళ్లతో కాంక్రీటు నిలవదు” అంటాడు. నిలుస్తుందో లేదో చెప్పాల్సింది ల్యాబ్. కాంక్రీటుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటు నీళ్లలో పీహెచ్ 6కు తగ్గకూడదు, ఇనుము వేసే కాంక్రీటుకైతే క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. పరీక్షలో నెగ్గితే వాడొచ్చు. దుమ్ము అణచడానికి చల్లే నీళ్లకు ఇంత పట్టింపు కూడా అక్కర్లేదు. 2024 మార్చిలో ఇక్కడి జలమండలి నిర్మాణాలకు, కార్లు కడగడానికి తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నాక చాలామంది బిల్డర్లు ఎస్‌టీపీ నీళ్ల వైపు చూశారు.

అపోహ: పరిశ్రమలకు ఇవి పనికిరావు.

చెన్నైలో కొడుంగయ్యూర్, కోయంబేడు ప్లాంట్లు ఒక్కొక్కటి రోజుకు 45 మిలియన్ లీటర్ల మురుగునీటిని ఆర్వో దాకా శుద్ధి చేసి మణలి, శ్రీపెరుంబుదూర్ వైపు ఫ్యాక్టరీలకు ఇస్తున్నాయి. ఫ్యాక్టరీ తీసుకోని ప్రతి లీటరు తాగునీరూ ఊళ్లో ఒక ఇంటికి మిగులుతుంది.

బెంగళూరు వేరే దారి పట్టింది. కేసీ వ్యాలీ పథకం కింద 2018 నుంచి శుద్ధి చేసిన నీళ్లు కోలారు చెరువులకు పోతున్నాయి. ఏళ్ల తరబడి ఎండిన చెరువులు నిండాయి, బోర్లలో నీళ్లు పైకొచ్చాయి. ఆ పల్లెల్లో తెలుగు మాట్లాడే రైతులు చాలామంది. వాళ్లు అడిగేది ఒకటే: ఇప్పుడు రెండో దశతో, అంటే బ్యాక్టీరియాతో శుభ్రం చేయడంతో, ఆపుతున్న శుద్ధిని మూడో దశ దాకా, అంటే ఇంకా వడపోసి క్రిములను చంపేదాకా, తీసుకెళ్లమని. ఆ నీరు భూమిలోకి ఇంకుతుంది, అవే ఊళ్లలో తాగునీరు బోర్ల నుంచే వస్తుంది కాబట్టి, వాళ్లడిగేది న్యాయమే.