లుకేమియాకు మూలకణ మార్పిడి తర్వాత మరణాలు: అపోహలు - వాస్తవాలు

లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్నవారికి కీమో ఇచ్చి, రక్తాన్ని తయారుచేసే మూలకణాలను దాత నుంచి తీసి ఎక్కించడమే మూలకణ మార్పిడి. ఆ మార్పిడి తర్వాత రోగిని కోల్పోయిన కుటుంబాలు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న, "దాత కణాలు పడలేదా డాక్టరుగారూ?" అన్నదే. కణాలిచ్చిన అన్నయ్యో చెల్లెలో తన వల్లే ఇలా జరిగిందని ఏళ్ల తరబడి కుమిలిపోవడం చూశాను కనుక ముందుగా ఆ అపోహ గురించే రాస్తున్నాను.

అపోహ: దాత కణాలను శరీరం తిరస్కరించడం వల్లే చాలామంది చనిపోతారు.

వాస్తవం: లుకేమియాకు చేసే మార్పిడిలో, ముఖ్యంగా హెచ్‌ఎల్‌ఏ (శరీరం తన కణాలను గుర్తుపట్టే గుర్తులు) పూర్తిగా కలిసిన దాత ఉన్నప్పుడు, కణాలు నిలదొక్కుకోకపోవడం అరుదు. సాధారణంగా రెండు మూడు వారాల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రక్తంలో మైక్రోలీటరుకు 500 దాటి, వరుసగా మూడు రోజులు తగ్గకుండా ఉంటే కణాలు పట్టినట్టు లెక్క. మొదటి మూడు నెలలు దాటాక సంభవించే మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం జబ్బు తిరగబెట్టడమే. కీమోకు లొంగకుండా మిగిలిన కొద్దిపాటి క్యాన్సర్ కణాలు, దాత కణాలు చక్కగా పనిచేస్తున్నా సరే, మళ్లీ పెరగగలవు. ఇది ఎక్కువగా మొదటి రెండేళ్లలో జరుగుతుంది. ఇందులో దాత తప్పు ఏమీ లేదు.

అపోహ: జీవీహెచ్‌డీ ఛాయ కూడా లేకపోతేనే మార్పిడి విజయవంతమైనట్టు.

వాస్తవం: దాత నుంచి వచ్చిన రోగనిరోధక కణాలు రోగి చర్మం, పేగులు, కాలేయం మీద దాడి చేయడమే జీవీహెచ్‌డీ. అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రగా కంది మండటం, ఆగని నీళ్ల విరేచనాలు, కళ్లు పచ్చబడటం దాని తొలి గుర్తులు. స్టెరాయిడ్లకు లొంగని తీవ్రమైన రకం ప్రాణాంతకమే. దాన్ని అణచడానికి వాడే మందులు రోగనిరోధక శక్తినీ తగ్గిస్తాయి కాబట్టి, ధ్రువపత్రంలో మరణ కారణం ఇన్ఫెక్షన్ అని ఉన్నా, చాలాసార్లు దాని మూలం జీవీహెచ్‌డీలో ఉంటుంది. అయితే లుకేమియా కణాలను వెతికి చంపేదీ ఆ దాత కణాలే. అచ్చంగా ఒకే పోలికగల కవలల నుంచి కణాలు తీసుకున్నవారిలో జీవీహెచ్‌డీ దాదాపు కనిపించదు కానీ జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. అందువల్ల స్వల్పంగా వచ్చిన దద్దురును చూసి కుటుంబం బెంబేలెత్తనక్కర్లేదు, మాకు ఆ రోజే చూపిస్తే చాలు.

అపోహ: మార్పిడి ఫలితాలు ఏళ్లు గడిచినా మారలేదు.

వాస్తవం: ఇది నిజం కాదు. అమెరికాలోని సియాటిల్ కేంద్రంలో 1993-97తో పోలిస్తే 2003-07 నాటికి, జబ్బు తిరగబెట్టకుండా ఇతర కారణాలతో మరణించే ముప్పు సుమారు సగానికి తగ్గింది. తిరగబెట్టే ముప్పు మాత్రం అంతగా తగ్గలేదు, మమ్మల్ని ఇప్పటికీ ఎక్కువగా కలవరపెట్టేది అదే.

అపోహ: 100 రోజులు దాటి ఇంట్లో ఉంటే గండం గడిచినట్టే.

వాస్తవం: గండం రూపం మార్చుకుంటుంది. తెల్లకణాలు లేని తొలి వారాల్లో బ్యాక్టీరియా, ఫంగస్ ఇన్ఫెక్షన్లతో పాటు, కీమో ధాటికి కాలేయంలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. మన దేశంలో మందులకు లొంగని క్లెబ్సియెల్లా వంటి బ్యాక్టీరియా ఈ దశను మరింత కష్టతరం చేస్తోంది. ఆ తర్వాత శరీరంలో నిద్రాణంగా ఉన్న సీఎంవీ వైరస్ మేల్కొనవచ్చు. దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ ఉన్నవారిలో ఇలాంటి బ్యాక్టీరియాను రక్తం నుంచి తొలగించే ప్లీహం సరిగా పనిచేయదు కనుక, నెలలు, ఏళ్లు గడిచాక కూడా న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తేగలదు. రాత్రి 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోవద్దు, ఆ రాత్రే బయలుదేరండి, దారిలోనే ఫోన్ చేయండి. చిన్నప్పటి టీకాల రక్షణ మార్పిడితో చాలావరకు పోతుంది కాబట్టి, సుమారు ఆరు నెలల నుంచి వాటిని మళ్లీ మొదలుపెడతాం. తట్టు వంటి సజీవ టీకాలను మాత్రం కనీసం రెండేళ్లు గడిచి, రోగనిరోధక శక్తిని అణచే మందులు ఆపాకే ఇస్తాం.