పాతిక మీటర్ల నడక

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నది ఒక ప్రశ్న వేసింది. ఏదో వీడియోలో, కోటుకి పతకాలు పెట్టుకున్న ఒక ముసలాయన వాకర్ పట్టుకుని నడుస్తుంటే చూసిందట. "తాతయ్యా, ఆయన వాళ్ళ పెరట్లో నడిస్తే జనం అన్ని డబ్బులెందుకిచ్చారు? నువ్వూ రోజూ నడుస్తావుగా!" అంది. ఫోన్లో తేలే సంగతి కాదిది. పెద్దాడా, నువ్వు చదివి చెల్లికి వినిపించు.

ఆయన పేరు టామ్ మూర్. 1920 ఏప్రిల్ 30న ఇంగ్లండులో, యార్క్‌షైర్ ప్రాంతంలోని కీత్లీ అనే ఊళ్ళో పుట్టాడు. 2020 ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్ నడుస్తుండగా, తన నూరో పుట్టినరోజులోగా 25 మీటర్ల దారిని వందసార్లు నడిచి, అక్కడి ప్రభుత్వ వైద్య సేవకి వెయ్యి పౌండ్లు పోగు చేద్దామనుకున్నాడు. పుట్టినరోజు నాటికి 3 కోట్ల 20 లక్షల పౌండ్లు దాటాయి. మన లెక్కలో సుమారు 300 కోట్ల రూపాయలు. ఇచ్చినవాళ్ళు పదిహేను లక్షల మందికి పైనే.

ఎందుకిచ్చారో చెప్పాలంటే మా నాయనమ్మ దాలి గురించి చెప్పాలి.

దాలి అంటే వసారాలో ఓ మూల చిన్న నిప్పుగుంట. పొద్దున్నే అందులో పిడకలు విరిచి పేర్చి, నిప్పు రాజేసి, పైన ఊక చల్లి పాలకుండ పెట్టేది. మంట కనబడదు. అసలు వెలుగుతోందా అని మాకు అనుమానం. సాయంత్రానికి మాత్రం పాలు ఎర్రగా కాగి, మీగడ మందంగా కట్టేది. ఆ మీగడ కోసం నేనూ మా తమ్ముడూ పడ్డ తగువులు ఇంకో ఉత్తరంలో రాస్తాను. రాత్రి బూడిద కప్పేస్తే తెల్లారేదాకా లోపల కణకణలాడుతూనే ఉండేది. ముసురు పట్టిన రోజుల్లో అగ్గిపుల్లలు చెమ్మెక్కి, గీస్తే మందు ఊడొచ్చేది. అప్పుడు ఇరుగుపొరుగు పిడకముక్క పట్టుకుని మా ఇంటికొచ్చేవారు. దీపాలు పెట్టాక నిప్పు ఇవ్వకూడదని ఊళ్ళో పట్టింపు ఉండేది. నాయనమ్మ దాన్ని లెక్కచేసేది కాదు. చిన్నపిల్లలున్న ఇల్లయితే నన్నే ఇచ్చి రమ్మనేది. ఎందరు పట్టుకెళ్ళినా మా దాలిలో నిప్పు తరగలేదు.

టామ్ మూర్ బతుకు అలాంటిది. ఇరవై ఏళ్ళ వయసులో సైన్యంలోకి వెళ్ళాడు. ఓడలో బొంబాయి చేరి, పూనా వెళ్ళి, అక్కడ సైనికులకి మోటారు సైకిలు నడపడం నేర్పాడు. తర్వాత బర్మాలో, అరకాన్ అడవుల్లో యుద్ధం. డెంగ్యూ జ్వరం పడి బతికి బయటపడ్డాడు. బర్మా అంటే మన శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్ళకి కొత్త కాదు. రంగం, అంటే రంగూన్, వెళ్ళి కూలి చేసుకున్నవాళ్ళు ఎందరో. జపాన్ సేనలు వచ్చినప్పుడు వాళ్ళలో చాలామంది కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగొచ్చారు. మా చిన్నప్పుడు అరుగుల మీద ఆ కథలే.

యుద్ధం అయిపోయింది. ఆయన ఇంటికొచ్చి రూఫింగ్ సామాను అమ్మాడు, కాంక్రీటు కంపెనీ నడిపాడు, ఇద్దరు కూతుళ్ళని పెంచాడు. తనతో పనిచేసిన సైనికులందరినీ ఏటేటా ఒకచోట కూర్చే పని మాత్రం ఆరు దశాబ్దాలకు పైగా వదలలేదు. భార్యకి మతిమరుపు జబ్బు వచ్చి నర్సింగ్ హోంలో ఉంటే, రోజూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చునేవాడు. ఇవేవీ పేపర్లో పడలేదు. ఊక కింద నిప్పు ఎవరికి కనబడుతుంది?

పిల్లలూ, స్నేహితుడికి ఒంట్లో బాగాలేదంటే వెళ్ళి చూసి రావడం చిన్న పని అనుకోకండి. ఆ అలవాటు ఈ వయసులోనే పడాలి.

2020 వచ్చేసరికి ముసురు పట్టేసింది. ఎవరింటి తలుపు వాళ్ళు వేసుకుని భయంభయంగా కూర్చున్నారు. ఏ ఇంట్లోనూ అగ్గిపుల్ల వెలగడం లేదు. అలాంటప్పుడు, రెండేళ్ళ కిందట తుంటి ఎముక విరిగిన 99 ఏళ్ళ మనిషి, తనకి వైద్యం చేసిన డాక్టర్లకీ నర్సులకీ ఏదైనా చెయ్యాలని చక్రాల వాకర్ తోసుకుంటూ బయటికొచ్చాడు. జనం తలా ఒక పిడకముక్క పట్టుకుని ఆయన దగ్గరికి పోయారు. డబ్బు మాట పైకి కనబడేది. వాళ్ళు పట్టుకెళ్ళింది నిప్పే అని నేను నమ్ముతున్నాను. ఆ జూలైలో రాణి ఆయనకి సర్ బిరుదు ఇచ్చింది. 2021 ఫిబ్రవరి 2న ఆయన కన్నుమూశాడు.

ఇంతకు మించి ఎలా చెప్పాలో నాకు తోచడం లేదు. నూరేళ్ళ మనిషి పాతిక మీటర్లు నడిస్తే లక్షలమంది లేచి నిలబడటం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

మీరొక పని చెయ్యండి. అపార్ట్‌మెంట్ కింద టేపు పెట్టి 25 మీటర్లు కొలిచి, రెండు చివర్లా సుద్దముక్కతో గీత గీయండి. మీ వీధిలో మిలిటరీ నుంచి రిటైరైన తాతగారెవరైనా ఉంటే ఆయన్ని పిలవండి. లేకపోతే మీ అమ్మమ్మని పిలవండి. ఆవిడ అడుగుకి మీ అడుగు కలిపి ఒక్కసారి ఆ చివరిదాకా వెళ్ళి రండి. దారిలో ఆవిడ ఏం చెప్పిందో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య