చిన్న శస్త్రచికిత్స తర్వాత పడే గుంట మచ్చలు: అపోహలు, వాస్తవాలు

పుట్టుమచ్చనో, కొవ్వు గడ్డనో, పులిపిరినో తీయించుకున్న చోట చర్మం లోపలికి దిగి గుంటలా ఉండిపోయిందని బెంగళూరులోని మా చర్మవైద్య క్లినిక్‌కు వచ్చే తెలుగువారు తరచుగా అంటుంటారు. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసేవారు వీడియోలు చూసి కొన్ని నమ్మకాలతో వస్తారు. ఊళ్లో ఉన్న పెద్దలు ఫోనులో చెప్పిన పత్యాలు మరికొన్నిటిని జోడిస్తాయి.

గుంట పడటానికి ప్రధానంగా మూడు కారణాలుంటాయి. కోత చర్మం లోపలి పొర అయిన డెర్మిస్ దాకా వెళ్లినప్పుడు అక్కడ చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తి తగినంతగా తిరిగి తయారు కాకపోవడం ఒకటి, దాని కింద ఉన్న కొవ్వు తరిగిపోవడం రెండవది, మచ్చ కణజాలం అడుగు పొరలకు అతుక్కుని పై చర్మాన్ని కిందికి లాగి పట్టుకోవడం మూడవది. చికిత్సను ఈ కారణమే నిర్ణయిస్తుంది.

అపోహ: మంచి క్రీము రాస్తే గుంట పూడుతుంది.

లోపం డెర్మిస్‌లోనో, అంతకంటే కిందనో ఉన్నప్పుడు పైన రాసేది దాన్ని నింపలేదు. సిలికాన్ జెల్ మంచి మందే, అయితే అది ఉబ్బెత్తుగా పెరిగే మచ్చలను అణచడానికి ఉద్దేశించినది. విటమిన్ ఇ నూనెపై 1999లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో మచ్చల రూపం మెరుగుపడకపోగా, వాడినవారిలో దాదాపు మూడో వంతు మందికి చర్మం కంది దురద పుట్టింది. వీటికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కునే మచ్చల క్రీములు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే అది చర్మాన్ని పలచబరుస్తుంది కాబట్టి, గుంటకు అంతకంటే చెరుపు మరొకటి ఉండదు.

అపోహ: గాయాన్ని గాలికి ఆరనిచ్చి, పక్కు కట్టనివ్వాలి.

1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందుల చర్మంపై చేసిన ప్రయోగాల్లో, గాలికి వదిలేసిన గాయాల కంటే తేమ పోకుండా కప్పి ఉంచిన గాయాలపై కొత్త చర్మం సుమారు రెట్టింపు వేగంతో పరుచుకుందని తేలింది. గట్టి పక్కు కింద కొత్త కణాలు పాకడానికి సులువైన దారి ఉండదు, పైగా దాన్ని గోటితో గిల్లితే అప్పుడే పట్టిన చర్మం కూడా ఊడి వస్తుంది. కుట్లు లేకుండా చెక్కి తీసిన గాయమైతే రోజూ నీటితో మృదువుగా కడిగి, పలచగా వ్యాజిలిన్ రాసి, పట్టీతో కప్పి ఉంచడం చాలు. పసుపు, పౌడర్ వంటివి పచ్చి గాయంపై వేయకూడదు.

అపోహ: పప్పు, వంకాయ తింటే చీము పడుతుంది.

చీము సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది, పప్పు వల్ల కాదు. కొత్త కణజాలం కట్టుకోవడానికి శరీరానికి మాంసకృత్తులు అవసరమైన వారాల్లోనే పప్పు, గుడ్డు, మాంసం మానిపించి చారన్నంతో సరిపెట్టడం గాయానికి మేలు చేయదు. పత్యం పట్టాలన్న పట్టుదలను చక్కెర వ్యాధిని అదుపులో ఉంచడానికీ, పొగతాగడం మానడానికీ మళ్లిస్తే నిజమైన ఫలితం కనిపిస్తుంది.

అపోహ: కుట్లు విప్పినప్పుడు ఎలా ఉందో, మచ్చ ఇక అలాగే ఉంటుంది.

ముఖం మీద కుట్లు సాధారణంగా 5 నుంచి 7 రోజుల్లో విప్పుతాం. మచ్చ పక్వానికి రావడానికి మాత్రం ఏడాది, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పడుతుంది. ఎరుపు, గట్టిదనం ఈ కాలంలో బాగా తగ్గుతాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల పడిన గుంట కూడా చాలామందిలో నెలల మీద దానంతటదే పూడుకుంటుంది. కణజాలం నిజంగా లోపించిన లోతైన గుంట పూర్తిగా పూడుతుందని మాత్రం ఆశ పెట్టలేను. అయినా మచ్చ ఇంకా మారుతూ ఉంటుంది కాబట్టి తొందర చికిత్సలు వద్దని చెప్పి, కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు ఆగి చూడమంటాను.

అపోహ: లేజర్ ఒక్కసారి చేయిస్తే మచ్చ మాయమవుతుంది.

మచ్చకు ఇరుపక్కలా చర్మాన్ని వేళ్లతో లాగి చూడటం మా పరీక్షల్లో అతి సులువైనది, అతి ఉపయోగకరమైనది కూడా. లాగినప్పుడు గుంట సమతలమైతే, అడుగున సూదితో ఆ అతుకులను తెంపే సబ్‌సిషన్ అనే పద్ధతి ఫలిస్తుంది. 1995లో వైద్య పత్రికల్లో వర్ణితమైన ఈ పద్ధతికి లేజర్ యంత్రం అవసరమే లేదు. కింద కొవ్వు తరిగి ఉంటే చర్మం కింద సూదితో ఎక్కించే హైలురోనిక్ ఆమ్లం ఫిల్లర్ గుంటను లేపుతుంది, అయితే అది కాలక్రమంలో కరిగిపోతుంది. ఎంత లాగినా సమతలం కాని, అంచులు నిటారుగా ఉన్న చిన్న గుంటను కోసి తీసి సన్నని గీతగా మళ్లీ కుట్టడమే తరచుగా మెరుగు. సన్నగా, లోతుగా ఉన్న రంధ్రాల్లో గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాన్ని చుక్కగా పెడతాం. చర్మంపై సూక్ష్మమైన చుక్కలుగా కిరణాలు పంపే ఫ్రాక్షనల్ లేజర్, సన్నని సూదులతో పొడిచే మైక్రోనీడ్లింగ్ తక్కువ లోతున్న మచ్చలకు, లేదా పై పద్ధతుల తర్వాత ఉపరితలాన్ని నునుపు చేయడానికి పనికొస్తాయి. వాటికి కొన్ని వారాల ఎడంతో పలు విడతలు పడతాయి, కొత్త కొల్లాజెన్ నెలల మీద గానీ కనిపించదు. మచ్చ లోతు తగ్గి, దాని నీడ కంటికి ఆనకుండా పోవడమే లక్ష్యం. ఆన్‌లైన్‌లో కొన్న సూదుల చక్రాన్ని, అంటే డెర్మా రోలర్‌ను, ఇంట్లో ప్రయోగించవద్దని వేరే చెప్పాలా?

అపోహ: బెంగళూరు చల్లగా ఉంటుంది కాబట్టి సన్‌స్క్రీన్ అక్కర్లేదు.

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ నగరంలో గాలి చల్లగా ఉన్నా అతినీలలోహిత కిరణాలు తక్కువేమీ కావు, మబ్బు వాటిని పూర్తిగా ఆపలేదు. మన చామనఛాయ చర్మంలో మానుతున్న గాయం సులభంగా నల్లబడుతుంది, నల్లబడిన గుంట ఉన్నదానికంటే లోతుగా కనిపిస్తుంది. గాయం మూసుకున్న నాటి నుంచి ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ వాడాలి. లేజర్ తర్వాత ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

అపోహ: పుట్టుమచ్చకు డాక్టర్ ఎందుకు, సున్నం, చాకలి సోడా పెడితే రాలిపోతుంది.

క్షారం చర్మాన్ని కరిగించుకుంటూ లోతుకు దిగుతుంది, ఎక్కడ ఆగుతుందో పెట్టినవారికి తెలియదు. నేను చూసే గుంటల్లో సరిచేయడానికి అత్యంత కష్టమైనవి ఇలా కాల్చుకున్నవే. పైగా కాలిపోయిన పుట్టుమచ్చను బయాప్సీకి, అంటే కణజాలాన్ని సూక్ష్మదర్శినితో చూసే పరీక్షకు, పంపలేం, అది క్యాన్సరా కాదా అన్నది ఇక తేల్చలేం. వైద్యుని దగ్గర తీయించుకున్నవారు ఆ బయాప్సీ నివేదికను పారేయకుండా దాచుకోవాలి. గుంట మచ్చలో మళ్లీ నల్లని రంగు పాకినా, మానని పుండు లేచినా, ముందు ఆ నివేదికతో వైద్యుణ్ని కలవాలి గానీ మచ్చ చికిత్స కోసం కాదు.