సూదికీ ముద్దకీ మధ్య అరగంట

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. షుగర్ లేని మనిషికి పరగడుపున ఆ రక్తంలో కరిగి ఉండే గ్లూకోజ్ ఎంతో లెక్క వేస్తే ఐదు గ్రాముల దగ్గర తేలుతుంది. చెంచాడు పంచదార, అంతే. ఇప్పుడు మధ్యాహ్నం కంచం వైపు చూడండి. మూడు వందల గ్రాముల అన్నం తినడం మన ఇళ్లలో విశేషమేమీ కాదు. వండిన అన్నం వంద గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పప్పూ కూరా పెరుగూ పక్కన పెట్టినా, ఆ కంచంలో 84 గ్రాములు. రక్తంలో అప్పటికే ఉన్నదానికి పదహారు పదిహేడు రెట్ల గ్లూకోజ్ రెండు మూడు గంటల్లో పేగుల్లోంచి వచ్చి పడుతుంది. అయినా ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో చక్కెర డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు దాటడం అరుదు.

ఈ పని చేస్తున్నది క్లోమంలోని బీటా కణాలు. వాటికి రెండు వెసులుబాట్లు ఉన్నాయి. అవి విడుదల చేసే ఇన్సులిన్ ముందుగా కాలేయానికి చేరుతుంది, గ్లూకోజ్‌ను దాచుకునే ముఖ్యమైన గిడ్డంగుల్లో అదొకటి. పైగా రక్తంలోకి వచ్చిన ఇన్సులిన్ ఐదారు నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది. అందువల్ల క్లోమం నిమిషానికొకసారి మోతాదు సవరించుకోగలదు. సగంలో భోజనం ఆపి లేచినా దానికి ఇబ్బంది లేదు.

సూదితో ఇచ్చే ఇన్సులిన్‌కు ఈ రెండూ లేవు. అది చర్మం కింది కొవ్వులో చేరి, అక్కడి నుంచి తన వేగంతో తాను రక్తంలోకి ఇంకుతుంది. ఒకసారి లోపలికి వెళ్లాక వెనక్కి తీయలేం. రాబోయే కొన్ని గంటల్లో ఏం తింటామో, ఎప్పుడు తింటామో, ఎంత నడుస్తామో ముందే ఊహించి వేసుకోవాలి. సూది నొప్పి గురించి అందరూ మాట్లాడతారు కానీ, ఇన్సులిన్ పెన్నుకు బిగించే నాలుగు మిల్లీమీటర్ల సూది చీమ కుట్టినంత కూడా ఉండదు. అసలు కష్టం కాలంతో.

చాలామంది వాడే పాత రకం రెగ్యులర్ ఇన్సులిన్‌నే తీసుకుందాం. భోజనానికి అరగంట ముందు వేసుకోమని డాక్టర్లు చెబుతారు. ఎందుకు అరగంట? సీసాలో ఇన్సులిన్ అణువులు విడివిడిగా ఉండవు. జింకును మధ్యలో పెట్టుకుని ఆరేసి చొప్పున గుంపు కట్టి ఉంటాయి. 1969లో డొరొతీ హాడ్జ్‌కిన్ బృందం ఎక్స్‌రేలతో ఇన్సులిన్ నిర్మాణాన్ని తేల్చినప్పుడు బయటపడిన రూపం ఇదే. ఆరింటి గుంపు రక్తనాళం గోడ దాటి వెళ్లలేనంత పెద్దది. చర్మం కింద పలచబడి, రెండేసిగా, ఒక్కొక్కటిగా విడిపోయాకే లోపలికి దారి దొరుకుతుంది. ఈ విడిపోవడానికి పట్టే సమయమే ఆ అరగంట. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు గంటల మధ్య దాని బలం పతాకస్థాయికి చేరుతుంది. ఆరు నుంచి ఎనిమిది గంటల దాకా ఎంతో కొంత మిగిలే ఉంటుంది.

సూది వేసుకున్న మరుక్షణమే కంచం ముందు కూర్చుంటే ఏమవుతుందో ఇప్పుడు ఊహించడం తేలిక. ఒంటిగంటకు తిన్న అన్నం రెండింటికల్లా చక్కెరను 280కి తీసుకెళ్తుంది, ఇన్సులిన్ అప్పటికి ఇంకా బద్ధకంగానే ఉంటుంది. సాయంత్రం ఐదింటికి అన్నం అరిగిపోతుంది, ఇన్సులిన్ మాత్రం పని మీదే ఉంటుంది. చెమటలు, వణుకు. డోసు తక్కువైందా, ఎక్కువైందా అని ఇంట్లో వాదన మొదలవుతుంది. డోసు సరిగ్గానే ఉండి ఉండవచ్చు, తప్పింది వేళ. నా ఉద్దేశంలో డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రీడింగు ఎంత అన్నదానితో పాటు సూది ఎన్నింటికి, ముద్ద ఎన్నింటికి అన్నది కూడా రాసుకుని వెళ్తే సగం సమస్య అక్కడే అర్థమైపోతుంది.

1996లో వచ్చిన లిస్ప్రో అనే కొత్త రకం ఇన్సులిన్ ఈ నిరీక్షణను బాగా తగ్గించింది. ఇన్సులిన్ గొలుసు చివర పక్కపక్కన ఉండే రెండు అమైనో ఆమ్లాలను అటుదిటు మార్చారు. దాంతో ఆరింటి గుంపు పట్టు సడలి, చర్మం కింద చప్పున విడిపోతుంది. పది పదిహేను నిమిషాల ముందు వేసుకుంటే చాలు. ఖరీదు ఎక్కువ కాబట్టి అందరికీ అందుబాటులో లేదు.

మన పెళ్లిళ్లు ఇన్సులిన్‌కు పెద్ద పరీక్ష. భోజనాలు పన్నెండున్నరకు అన్నారు కదా అని పన్నెండింటికి సూది వేసుకుని బయల్దేరతారు. మొదటి బంతి నిండిపోతుంది. రెండో బంతికి మగపెళ్లివారు కూర్చుంటారు. మూడో బంతిలో విస్తరి పడేసరికి రెండవుతుంది. మొహమాటపడి ఆకలిగా ఉందని చెప్పని పెద్దాయన కుర్చీలోనే సోలిపోతే అందరూ ఎండదెబ్బ అనుకుంటారు. విస్తరి కళ్లబడ్డాకే సూది వేసుకోవడం నయం. అలా చేస్తే తిన్న తర్వాత చక్కెర కాస్త పెరుగుతుంది, నిజమే. పెరిగిన చక్కెర ఆ పూటకు ప్రాణం తీయదు, పడిపోయిన చక్కెర తీయగలదు.

తెల్లగా, పాలలా కనిపించే ఇన్సులిన్ సంగతి వేరు. ప్రోటమైన్ అనే ప్రోటీన్‌తో కలిపితే ఇన్సులిన్ నెమ్మదిగా కరుగుతుందని 1936లో డెన్మార్క్‌లో హాగెడోర్న్ బృందం చూపింది. ఆ ప్రోటమైన్‌ను చేపల వీర్యం నుంచి తీసేవారు. దాని మెరుగైన రూపం ఎన్‌పీహెచ్ 1946లో తయారైంది. మన దగ్గర ఎక్కువగా రాసే 30/70 మిశ్రమంలో 30 పాళ్లు వేగంగా పనిచేసేది, 70 పాళ్లు ఈ తెల్లది. రోజుకు రెండు సూదులతో సరిపోతుంది. అయితే పొద్దున వేసిన తెల్ల భాగం మధ్యాహ్నానికి బలం పుంజుకుంటుంది. ఆ సమయానికి కడుపులో అన్నం ఉండి తీరాలి. పొలం నుంచి మూడింటికి వచ్చి తినేవారికి, షిఫ్టులు మారే ఉద్యోగులకు ఈ మందు ఇబ్బంది పెడుతుంది, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. తెల్ల భాగం సీసా అడుగున పేరుకుంటుంది కూడా. కలపకుండా తీస్తే ఒకరోజు నీళ్లలాంటి భాగం, ఇంకోరోజు చిక్కటి భాగం ఒంట్లోకి వెళ్తుంది. అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేస్తే సమంగా కలుస్తుంది. దగ్గు మందులా గిలకొట్టకూడదు, నురగ కడితే కొలత తప్పుతుంది.

కొలత మాట వచ్చింది కాబట్టి ఒక ప్రమాదం చెప్పాలి. మెడికల్ షాపులో దొరికే సీసాల్లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. పెన్నులో వేసే కార్ట్రిడ్జిలు మాత్రం మిల్లీలీటరుకు 100 యూనిట్లవి. సిరంజీలు కూడా రెండు రకాలు. ఎర్ర మూత ఉన్నది 40 రకానికి, నారింజ మూత ఉన్నది 100 రకానికి. పెన్ను పాడైందని కార్ట్రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజీతో 20 గీత దాకా లాగారనుకోండి. అది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. వేసుకోవాల్సింది 20. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

దీనికి తిరగబడ్డ కథ అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి రావడానికి వెళ్లే అమ్మానాన్నలకు ఎదురవుతుంది. ఇక్కడి నుంచి 40 రకం సీసాలు పట్టుకెళ్తారు. సిరంజీలు అయిపోతే అక్కడి ఫార్మసీలో కొంటారు, అక్కడ మనుషులకు అమ్మేవి 100 రకానివి. 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. చక్కెర మూడు వందలు దాటుతుంది. చలి అనీ, తిండి మారిందనీ, నడక తగ్గిందనీ నెపాలు వెతుకుతారు. సీసా మీది అంకె, సిరంజీ మీది అంకె పక్కపక్కన పెట్టి చూస్తే అర నిమిషంలో తేలిపోయే విషయం.

దాచుకోవడం గురించి. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్‌లో ఉంచాలి. ఫ్రీజర్‌లో గానీ, దానికి ఆనించి గానీ పెట్టకూడదు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ చూడటానికి మామూలుగానే ఉండవచ్చు, పనిచేస్తుందన్న భరోసా మాత్రం ఉండదు. వాడకంలో ఉన్న సీసా బయట, 25 నుంచి 30 డిగ్రీల లోపు అయితే నాలుగు వారాల పాటు నిలుస్తుంది. మే నెలలో రామగుండంలోనో నంద్యాలలోనో గది లోపల అంత చల్లదనం ఎక్కడిది? ఫ్రిజ్ లేని ఇంట్లో మట్టికుండ పనికొస్తుంది. పెద్ద కుండలో తడి ఇసుక, దాని మధ్య చిన్న కుండ, అందులో నీళ్లు చేరకుండా కవర్లో కట్టిన సీసా. కుండ గోడల్లోంచి నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. పొడి గాలి వీచే తెలంగాణ, రాయలసీమ ఎండల్లో ఈ ఏర్పాటు బాగా సాగుతుంది. కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట గాలే తేమతో బరువెక్కి ఉంటుంది కాబట్టి అంతగా చల్లబడదు. ఎండలో నిలిపిన కారులో, స్కూటరు డిక్కీలో మాత్రం పది నిమిషాలకు కూడా వదలకండి.

ఏళ్ల తరబడి ఇన్సులిన్ వేసుకుంటున్నవారి పొట్టను ఒకసారి వేళ్లతో తడిమి చూడమనండి. బొడ్డుకు పక్కన రబ్బరులా మెత్తగా ఉబ్బిన గడ్డలు తగలవచ్చు. ఇన్సులిన్ కొవ్వు కణాలను పెంచే హార్మోను. ఒకేచోట పదేపదే పొడిస్తే అక్కడి కొవ్వు ఉబ్బుతుంది. ఉబ్బిన చోట నొప్పి తక్కువ, అందుకే చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది. ఆ గడ్డలోంచి ఇన్సులిన్ ఒకరోజు ఇంకుతుంది, ఒకరోజు ఇంకదు. రీడింగులు అర్థం పర్థం లేకుండా ఎగిరిపడుతుంటే డోసు పెంచే ముందు పొట్టను చూడాలి. ఇలాంటివారు చోటు మార్చినప్పుడు మరో చిక్కు. గడ్డలో సగం వృథా అయిన డోసు, మంచి చర్మంలో మొత్తంగా పనిచేసి చక్కెరను పడగొడుతుంది. అందుకే డాక్టరుకు చెప్పి డోసు తగ్గించుకున్నాకే మారాలి. పొట్టను నాలుగు భాగాలు అనుకుని వారానికో భాగం, సూదికీ సూదికీ మధ్య వేలి వెడల్పంత దూరం పాటిస్తే గడ్డల బెడద చాలావరకు ఉండదు. తొడలో వేసుకుని వెంటనే వాకింగుకు వెళ్లినా, వేడినీళ్ల స్నానం చేసినా అక్కడ రక్తప్రసారం పెరిగి మందు అనుకున్నదానికంటే ముందే దిగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

చక్కెర 70 కంటే పడిపోతే చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, చిరాకు వస్తాయి. రక్తపోటుకు బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో వణుకు, దడ కనిపించకపోవచ్చు, చెమటే ముఖ్యమైన గుర్తు. మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ పరీక్ష చేసుకోవాలి. తగ్గకపోతే మళ్లీ తాగాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి. చాక్లెట్టు, మైసూరుపాకు ఇక్కడ అక్కరకు రావు, వాటిలోని కొవ్వు చక్కెరను కడుపులోనే కాసేపు ఆపేస్తుంది. మన దగ్గర విరివిగా రాసే వోగ్లిబోస్ మాత్ర వేసుకునేవారికి పంచదార కూడా నమ్మదగ్గది కాదు. పంచదారను పేగుల్లో విడగొట్టే ఎంజైమునే ఆ మాత్ర అడ్డుకుంటుంది. వాళ్ల జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

"ఇన్సులిన్ దాకా వచ్చిందా!" అని పరామర్శించే బంధువులు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. బ్రిటన్‌లో 1977లో మొదలై ఇరవై ఏళ్లు నడిచిన యూకేపీడీఎస్ అధ్యయనం ప్రకారం టైప్ 2 మధుమేహం బయటపడే నాటికే బీటా కణాల శక్తి దాదాపు సగం పోయి ఉంటుంది, ఆ తర్వాతా తరుగుతూనే పోతుంది. పదీ పదిహేనేళ్లకు మాత్రలు చాలకపోవడం ఆ జబ్బు నడిచే తీరు, రోగి చేసిన నేరం కాదు. పరామర్శలకు భయపడి రెండు మూడేళ్లు సూది వాయిదా వేసినవారి కళ్లూ కిడ్నీలూ ఆ బంధువుల చేతిలో లేవు.

ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారుకాని టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల విషయంలో వాయిదా అన్న మాటకే తావు లేదు. 1922 జనవరి 11న టొరంటోలో పద్నాలుగేళ్ల లెనార్డ్ థామ్సన్‌కు తొలి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఇలాంటి పిల్లలను అర్ధాకలితో ఉంచి కొంతకాలం నిలబెట్టడమే వైద్యం. ఆ మొదటి మందు మలినాలతో నిండి, సూది గుచ్చిన చోట చీము పట్టింది. దాన్ని జేమ్స్ కాలిప్ శుద్ధి చేశాక జనవరి 23న ఇచ్చిన మందు పనిచేసింది. ఇంత తెలిసిన తర్వాత కూడా ఇప్పటికీ ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. పిల్లవాడికి జ్వరం, వాంతులు. ఏమీ తినలేదు కదా, సూది ఎందుకని ఆపేస్తారు. జ్వరంలో ఒళ్లు తనంత తానే గ్లూకోజ్ విడుదల చేస్తుంది. ఇన్సులిన్ అసలు లేకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి, కాలేయం దాన్నుంచి కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు తయారుచేస్తుంది, రక్తం ఆమ్లమవుతుంది. టైప్ 1 వారిలో రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను ఏ పరిస్థితిలోనూ ఆపకూడదు. భోజనం సూదిని ఎంత తగ్గించాలో డాక్టరును అడగాలి, నాలుగు గంటలకోసారి చక్కెర చూడాలి, నీళ్లు తాగిస్తూ ఉండాలి. వాంతులు ఆగకపోయినా, ఊపిరి వేగంగా లోతుగా తీస్తున్నా, నోటి నుంచి పండిన పండు వాసన వస్తున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తెల్లారాక చూద్దాం అనుకునే వ్యవహారం కాదది.