కళ్లం గట్టున సమాజశాస్త్రం

ఒకప్పుడు నూర్పిళ్లు అయ్యాక కళ్లంలో ధాన్యం రాశి పోసేవారు. కుండలు చేసేవాళ్లు, నాగళ్లు చెక్కేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, క్షవరం చేసేవాళ్లు వచ్చి తమ వంతు గింజలు పట్టుకెళ్లేవారు. ఏడాది పొడవునా చేసిన పనికి అదే ప్రతిఫలం. ఆయగాళ్ల పద్ధతి అని మన పల్లెల్లో అన్నది ఇలాంటి ఏర్పాటునే. ఉత్తరప్రదేశ్‌లోని కరీంపూర్ గ్రామంలో ఇలాంటిదాన్నే చూసిన అమెరికన్ మిషనరీ విలియం వైజర్ 1936లో 'హిందూ జజ్మానీ వ్యవస్థ' పేరుతో పుస్తకం రాశాడు. ఆ కళ్లంలో ఏం జరుగుతోందన్నది అప్పటినుంచి పెద్ద చర్చ అయింది.

ఒకరి పని ఇంకొకరికి అవసరం, అందుకే ఊరు నిలబడింది అన్నది ఒక జవాబు. దీన్ని ప్రకార్యవాదం అంటారు. దీని మూలాలు ఫ్రెంచ్ పండితుడు ఎమిల్ దుర్ఖైమ్ దగ్గర ఉన్నాయి. తలా ఒక పని చేసుకునే మనుషుల్ని కలిపి ఉంచేది ఏమిటని ఆయన 1893లో శ్రమ విభజన మీద రాసిన పుస్తకంలో అడిగాడు. ఒకరి మీద ఒకరు ఆధారపడటమే అన్నాడు. ఆయన ఆలోచనను బ్రిటన్‌లో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ మానవశాస్త్రంలోకి తెచ్చాడు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన దగ్గర చదువుకున్న ఎం.ఎన్. శ్రీనివాస్ మన గ్రామాల అధ్యయనానికి పెద్ద దిక్కయ్యారు. అయితే కులం, వర్గం మనుషుల్ని బలవంతంగా ఒక పనికి కట్టేస్తే అక్కడ ఐక్యత పుట్టదని, గొడవలే పుడతాయని దుర్ఖైమ్ అదే పుస్తకంలో రాశాడు. ఊరి సామరస్యం గురించి రాసిన చాలామంది ఈ మాటను పక్కన పెట్టేశారని నాకు అనిపిస్తుంది.

కార్ల్ మార్క్స్ దారిలో నడిచే సంఘర్షణవాదులు వేరే ప్రశ్న వేస్తారు: రాశి ఎవరిది, కొలిచే చెయ్యి ఎవరిది? భూమి ఎవరి చేతిలో ఉంటే వాటా తేల్చేది వాళ్లేనని, జజ్మానీ అంటే దోపిడీయేనని మానవశాస్త్రవేత్త థామస్ బైడెల్‌మన్ 1959లో వాదించాడు. వెట్టి అంటే ఏమిటో తెలిసిన తెలంగాణకు ఈ వాదనను విడమరచి చెప్పక్కర్లేదు.

మూడో చూపు ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరి మధ్య జరిగేదాన్ని పట్టించుకుంటుంది. ఎదుటివాళ్లు మనల్ని ఎలా చూస్తున్నారో ఊహించుకుంటూనే మనం మనమవుతామని షికాగోలో జార్జ్ హెర్బర్ట్ మీడ్ బోధించాడు. ఆయన శిష్యుడు హెర్బర్ట్ బ్లూమర్ 1937లో దీనికి సింబాలిక్ ఇంటరాక్షనిజం అని పేరు పెట్టాడు. ఎవరు గట్టు మీద కూర్చున్నారు, ఎవరు నిలబడే ఉన్నారు, గింజలు చేతికిచ్చారా, పైనుంచి ఒళ్లో పోశారా అన్నవి వీళ్లు చూసేవి. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతిని అర్థం చేసుకోడానికి గణాంకాల కంటే ఈ చూపే ఎక్కువ పనికొస్తుంది. కానీ ఆ గ్లాసు వెనక భూమి లెక్కలు ఉన్నాయన్నది ఈ చూపు ఒక్కదానితోనే తెలియదు.

ఈ వరుసలో తప్పకుండా ఉండాల్సిన పేరు అంబేద్కర్. చాలాకాలం ఆయన్ని రాజ్యాంగ నిర్మాతగానే చదివాం, సిద్ధాంతకర్తగా చదవలేదు. ఇది నన్ను బాధపెట్టే విషయం. 1916లో, పాతికేళ్ల వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక సెమినార్‌లో ఆయన కులం పుట్టుక మీద పత్రం చదివారు. కులానికి మూలం సొంత కులంలోనే పెళ్లి అన్నారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టడిని కాపాడటానికి వచ్చినవేనని వివరించారు. అంటే కళ్లంలో మొదలైన చర్చను ఇంట్లోకి, ఆడవాళ్ల జీవితాల్లోకి తీసుకెళ్లారు. 1936లో ఇంకో అడుగు వేశారు. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన కూడా అన్నారు. తక్కువ గింజలు దక్కినవాళ్లంతా ఎందుకు ఏకం కాలేదన్నదానికి మార్క్స్ వర్గ లెక్కలో సరైన జవాబు దొరకదు. అంబేద్కర్ దగ్గర దొరుకుతుంది. ఇది మెట్ల వరుస అసమానత. అట్టడుగు మెట్టు తప్ప ప్రతి మెట్టు మీదివాళ్లకూ కింద ఇంకొకరు కనిపిస్తారు. పై మెట్టు మీద కోపం ఉన్నా, కింది మెట్టు మీద తమకున్న ఆధిక్యం వదులుకోవాల్సి వస్తుందేమోనన్న భయం వాళ్లను ఆపుతుంది.