స్కాన్ తీస్తే డిప్రెషన్ తెలిసిపోతుందా? అపోహలు - వాస్తవాలు

సైకియాట్రీలో పరిశోధన ఇప్పుడు జోరుగా సాగుతోంది. దాంతోపాటు పరీక్షల మీద ఆశలూ పెరిగాయి, కొన్ని మరీ ఎక్కువగా. నా దగ్గరికొచ్చే కుటుంబాలు తరచూ అనే మాటలు ఇవి.

అపోహ: మెదడు స్కాన్‌లో డిప్రెషన్ కనిపిస్తుంది.

కనిపించదు. వార్తల్లో చూసే రంగురంగుల బొమ్మలు చాలావరకు ఎంతోమంది స్కాన్ల సగటు. జబ్బు ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ సగటున తేడా ఉంటుంది, కానీ ఆ కాస్త తేడాతో ఎదురుగా కూర్చున్న మనిషికి జబ్బు ఉందో లేదో చెప్పలేం. మేం స్కాన్ రాసేది గడ్డలాంటిది ఏమీ లేదని తేల్చుకోవడానికే.

అపోహ: స్కిజోఫ్రినియాకి (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు లాంటివి ఉండే తీవ్రమైన మానసిక జబ్బు) ఒక జన్యువు ఉంది, పరీక్ష చేయిస్తే పిల్లలకి వస్తుందో రాదో తెలుస్తుంది.

అందరికంటే ఎక్కువ టెన్షన్ పడేది ఈ విషయంలోనే. 76 వేలకు పైగా రోగుల డీఎన్ఏని పరిశీలించిన అధ్యయనం 2022లో వచ్చింది. ఈ జబ్బుతో సంబంధమున్న చోట్లు జన్యుపటంలో 287 తేలాయి. వాటిలో దాదాపు ఏదీ ఒంటరిగా పెద్దగా చేసేదేమీ లేదు. అన్నీ కలిపి రిస్క్ స్కోరు లెక్కకట్టే పద్ధతి ఉంది గానీ దానికి వాడిన డేటా ఎక్కువగా ఐరోపా మూలాలున్నవాళ్లది, మిగతావాళ్లకి అది ఇంకా తక్కువగా పనిచేస్తుంది. ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి జబ్బు వచ్చినా, సగానికి పైగా జంటల్లో రెండోవారికి రాదు. డబ్బు కట్టి ఇలాంటి జన్యు పరీక్షల కిట్లు కొనొద్దనే చెబుతాను.

ఒక మినహాయింపు ఉంది. 22వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లేకుండా పుట్టినవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రినియా లాంటి సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి) వస్తుంది. గుండె లోపం, అంగిలి చీలిక లాంటివి కూడా ఉంటే ఆ పరీక్ష అడగడం సబబే.

మరి ఈ జన్యువుల వేట వృథానా? కాదు. రోగనిరోధక వ్యవస్థకు చెందిన సీ4 అనే జన్యువు సంగతి 2016లో బయటపడింది. ఎదిగే మెదడులో నాడీకణాల మధ్య అదనపు కనెక్షన్లను కత్తిరించే పనిలో దానికి పాత్ర ఉంది. ఆ కత్తిరింపు శ్రుతి మించడం జబ్బుకి ఒక దారి కావచ్చు.

అపోహ: ల్యాబ్‌లో రోగి మెదడునే పెంచి మందులు పరీక్షిస్తున్నారు.

చర్మకణాన్ని మూలకణంగా, అంటే వేరే రకాల కణాలుగా ఎదగగల కణంగా మార్చి, దాని నుంచి నాడీకణాల ముద్దను పెంచుతారు. అది కొన్ని మిల్లీమీటర్లే, సొంత రక్తనాళాలుండవు, ఆలోచించదు. ఒకే జన్యుదోషం వల్ల వచ్చే అరుదైన టిమోతీ సిండ్రోమ్‌లో మాత్రం ఈ దారి బాగా పనికొచ్చింది. ఆ దోషాన్ని సరిచేసే మందును ఇలాంటి ముద్దల్లో, వాటిని అమర్చిన ఎలుకల్లో పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. అప్పటికి అది మనుషుల దాకా రాలేదు.

అపోహ: మానసిక లక్షణాలకి ల్యాబ్ పరీక్షలు దండగ.

ఇది ప్రమాదకరం. శరీరం తయారుచేసిన యాంటీబాడీలే మెదడులోని ఎన్ఎండీఏ గ్రాహకాల (నాడీకణాలు సంకేతాలు అందుకునే చోట్ల) మీద దాడిచేసే జబ్బును 2007లో గుర్తించారు. మొదట్లో అచ్చం సైకోసిస్‌లాగే ఉంటుంది. కొన్ని రోజుల్లోనే ప్రవర్తన పూర్తిగా మారిపోయి, ఫిట్స్, మాట తగ్గిపోవడం, మూతి వింతగా కదలడం లాంటివి తోడైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వెన్నునీటిలో ఆ యాంటీబాడీలను వెతుకుతారు. వెంటనే ఇమ్యూనోథెరపీ (రోగనిరోధక వ్యవస్థ చేసే ఆ దాడిని అదుపుచేసే చికిత్స) మొదలుపెడితే ఎక్కువమంది కోలుకుంటారు.